కొలత కోసం వండిన నెల

ఆమెను ఇంట్లో అందరూ తక్కెడ అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది మేనత్త. చిన్నప్పుడు పండు కోసి పెడితే, తన ముక్కనూ పక్కింటి పిల్ల ముక్కనూ పక్కపక్కన పెట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, "నాది చిన్నది" అని తేల్చేసేది. "ఇది పిల్ల కాదన్నయ్యా, తక్కెడ" అని అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. పేరు అతుక్కుపోయింది. పెద్దయ్యాక ఆ పిల్ల నిజంగానే కొలిచే ఉద్యోగంలో చేరింది. ఒక వస్తువు తయారై, అమ్ముడై, చివరికి చెత్తలో కలిసేదాకా గాలికీ నీటికీ నేలకీ ఎంత చేటు చేస్తుందో లెక్కగట్టి చెప్పే సంస్థ అది. తువ్వాళ్ల మిల్లులు కొలిచింది, సబ్బుల ఫ్యాక్టరీలు కొలిచింది. ఎవరి దగ్గరా మొహమాటపడేది కాదు.

తల్లి పోయినప్పుడు తక్కెడకు సరిగ్గా మాటలు కూడా రాలేదు. భర్తను పోగొట్టుకుని అప్పటికే అన్నగారింటికి చేరిన మేనత్తే ఆమెను కళ్లలో పెట్టుకుని పెంచింది. పిల్లను బడికి పంపి, ఆ వంటింట్లోనే నాలుగు పొయ్యిలు వెలిగించి, వండుకునే తీరిక లేని ఉద్యోగస్తులకు డబ్బాల్లో భోజనం పంపేది. నాలుగు పొయ్యిలు షెడ్డయ్యాయి, షెడ్డు ఫ్యాక్టరీ అయింది. ఇప్పుడు ఊరి చివర, రైలు పట్టాలకు ఇవతల, అత్త ఫ్యాక్టరీలో తెల్లవారకముందే బాయిలర్లు అంటుకుంటాయి. స్నానాల తొట్లంత గిన్నెల్లో కూరలు ఉడుకుతాయి. ఉడికిన కూరను గబగబా చల్లార్చే గదిలోకి తోస్తారు, ట్రేలలో నింపుతారు, పైన పల్చటి పొర అతికిస్తారు. చల్లటి లారీల్లో అవి కొట్లకు వెళ్తాయి. కొన్నవాళ్లు ఇంట్లో వేడి చేసుకుని తినడమే. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అత్తను వాళ్లు "పెద్దమ్మ" అంటారు.

ఒక ఆదివారం అత్త అన్నగారింటికి వచ్చింది. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుంటూ కబురు బయటపెట్టింది.

"ఏమే తక్కెడా, నా ఫ్యాక్టరీని కొలిచి పెడతావా?"

తక్కెడ నవ్వింది. "ఎందుకత్తా? హాయిగా నిద్రపోతున్నావుగా."

"ఏం నిద్ర? ఆ పెద్ద సూపర్ మార్కెట్ల వాళ్లు, పర్యావరణం రిపోర్టు లేకపోతే ఫ్రిజ్‌లో చోటివ్వం అంటున్నారు. ఎవరో ముక్కూ మొహం తెలియని వాడు వచ్చి నా గిన్నెల్లోకి తొంగిచూడటం నాకిష్టం లేదు. నువ్వైతే ఉన్నది ఉన్నట్టు చెబుతావు. బాగాలేకపోతే బాగాలేదని మొహం మీదే చెప్పు, పడతాను."

ఆ మాటకు తక్కెడ మనసు కరిగిపోయింది. తండ్రి పేపరు మడిచి, "చూడు, దానికి భయం లేదు" అన్నాడు గర్వంగా. చెల్లెలంటే ఆయనకు ప్రాణం.

మర్నాడే తక్కెడ తన డైరెక్టరుకు చెప్పింది, యజమానురాలు తన మేనత్త అని, వేరే వాళ్లను పంపితే మంచిదని. ఆయన చెయ్యి ఊపేశాడు. "బంధువులైతే ఇంకా మంచిదమ్మా. తలుపులన్నీ తీస్తారు. బయటివాళ్లకైతే వంటగది చూపించి పంపేస్తారు."

పని మొదలయ్యే ముందు అత్త ఆమెను భోజనానికి పిలిచింది. తిన్నంతసేపూ అడుగుతూనే ఉంది, ఏం చూస్తారు, ఎక్కడ చూస్తారు, ఏది ఎక్కువ చేటు అని. తనకు నచ్చిన సంగతి ఎవరైనా అడిగితే తక్కెడ ఆగలేదు. చెంచాను కర్రలా తిప్పుతూ పాఠం చెప్పింది.

"అందరూ డబ్బా గురించే గొడవ పడతారత్తా. డబ్బా కూడా ముఖ్యమే. నల్ల ప్లాస్టిక్ ట్రే ఉంటుంది చూడు, చెత్త వేరుచేసే యంత్రం కంటికి అది ఆనదు, నేరుగా గుట్టలోకి పోతుంది. కానీ అసలు దెబ్బ లోపలే ఉంటుంది. మాంసం వంటలు ఎన్ని చేస్తున్నావు, గిన్నెలు కడిగిన జిడ్డు నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, అమ్ముడుపోక తిరిగొచ్చిన ట్రేలను ఏం చేస్తున్నావు. వండి, చల్లార్చి, లారీలో ఊరంతా తిప్పి, చివరికి పారేశావనుకో, అంతకంటే పాపం లేదు."

అత్త గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బడిపిల్లలా కళ్లార్పకుండా విన్నది. "ఎంత తెలుసే నీకు" అని మెల్లగా అన్నది.

ఆ తర్వాత ఒక నెలంతా తక్కెడ ఫ్యాక్టరీలోనే ఉంది. నెత్తికి తెల్లటి టోపీ, కాళ్లకు రబ్బరు బూట్లు. కరెంటు మీటర్లు చూసింది, ఆవిరి ఎంత పోతోందో చూసింది, చల్లటి గదుల తలుపులు ఎంతసేపు తెరిచి ఉంటున్నాయో నిలబడి గమనించింది. వెనక కాలువలో పడే గొట్టం దగ్గర గొంతుక్కూర్చుని సీసాల్లో నీళ్లు పట్టింది. మధ్యాహ్నం అయ్యేసరికి, ఎంత పనిలో ఉన్నా అత్త తానే క్యారియర్ తీసుకుని ఆమె గదికి వచ్చేది. ఫ్యాక్టరీ తిండి కాదు, ఇంట్లో పొద్దున్నే లేచి ఆమె కోసమని వండింది. పక్కనే కూర్చుని వడ్డిస్తూ అడిగేది.

"ఇవాళ ఏం చూశావు?"

"చల్లార్చే గది."

"రేపో?"

"రేపు ఉదయం కాలువ నీళ్లు మళ్లీ పడతా. వచ్చే వారం తిరిగొచ్చిన సరుకు."

"సరేలే, ముందు తిను. ఎముకలు తేలుతున్నాయి."

ఇన్నేళ్ల తర్వాత అత్త చేతి ముద్ద దొరికిందని తక్కెడ మురిసిపోయింది. ఇంటికి వెళ్లి తండ్రికి కూడా చెప్పింది. "అత్త నన్ను మళ్లీ చిన్నపిల్లను చేసేసింది నాన్నా."

కొలతలు తేలాక ఆమె ఆశ్చర్యపోయింది. అంత బాగుంటుందని తనే అనుకోలేదు. ట్రేలు నొక్కిన కాగితంతో చేసినవి. కాలువలోకి పోతున్న నీళ్లలో జిడ్డు దాదాపు లేదు. తిరిగొచ్చే సరుకు చాలా కొంచెం, అది కూడా పశువుల దాణాకు పోతోంది. మాంసం వంటల వంతు తక్కువ. అత్త చిన్న వంటగదిలో నేర్చుకున్న పొదుపే ఇంత పెద్ద ఫ్యాక్టరీలోనూ నడుపుతోందనుకుని తక్కెడకు కళ్లు చెమర్చాయి. రిపోర్టులో ఎక్కడా పొగడలేదు, అది ఆమె పద్ధతి కాదు. కానీ అంకెలే పొగిడాయి.

సూపర్ మార్కెట్లు చోటిచ్చాయి. అట్టపెట్టెల మీద పర్యావరణానికి మేలని చెప్పే ఆకుపచ్చ ముద్ర పడింది. ఒక సభలో అత్త వేదిక మీదికి ఆమెను పిలిచి, చెయ్యి పట్టుకుని పైకెత్తి, "ఇది నా మేనకోడలు. నా చేతుల్లో పెరిగింది. అయినా నన్ను ఒక్క గ్రాము కూడా వదల్లేదు" అన్నది. అందరూ చప్పట్లు కొట్టారు.

చలికాలం దాటి ఎండలు ముదిరే వేళకు, తక్కెడతో పనిచేసే స్నేహితురాలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. చూడటానికి వెళ్తే, మంచం మీద నుంచే, "ఫ్రిజ్‌లో మీ అత్త భోజనాలే ఉన్నాయి, ఇద్దరికీ రెండు వేడి చెయ్యి" అన్నది. తక్కెడ వంటగదిలోకి వెళ్లి అట్టపెట్టె విప్పింది. లోపల ట్రే నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ప్లాస్టిక్. పాత సరుకేమోనని తేదీ చూసింది. వారం క్రితం తయారైంది. ఇంకొకటి విప్పింది. అదీ నలుపే. మూడోది మాంసం కూర, నాలుగోది మాంసం కూర.

"ఇవి ఎప్పుడూ ఇలాగే ఉంటాయా?" అని గదిలోకి కేకేసింది.

"ఎలా?"

"ట్రేలు. నల్లగా."

"ఎప్పుడూ అంతేగా. నువ్వు చల్లార్చేస్తున్నావా వేడి చేస్తున్నావా?"

వెళ్తూ వెళ్తూ వీధి మూలనున్న కొట్టులో ఆగింది. అత్త భోజనాలు ఒక ఫ్రిజ్ నిండా ఉన్నాయి, ప్రతి పెట్టె మీదా ఆకుపచ్చ ముద్ర. కొట్టువాణ్ని కాగితం ట్రేల గురించి అడిగింది.

"అవాండీ? మధ్యలో ఒక నెల వచ్చాయి. తడికి మెత్తబడి అడుగు ఊడిపోతోందని జనం తిట్టారు. మళ్లీ మామూలే." అతను ఆమె ముఖం చూసి, "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా మీకు?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపి బయటికి నడిచింది. అయినా ఆమె మనసు ఒప్పుకోలేదు. ట్రేలు మెత్తబడితే మార్చి ఉంటారు, నాకు చెప్పడం మరిచిపోయి ఉంటుంది, పనుల్లో మునిగి ఉంటుంది, ఎవరో మేనేజరు చేసి ఉంటాడు. బస్సెక్కి దిగేదాకా అత్త తరఫున వాదిస్తూనే ఉంది.

ఈసారి ముందుగా ఫోను చెయ్యలేదు. వెనక గేటు నుంచి వెళ్లింది. పెద్దమ్మగారి మేనకోడలు కదా, వాచ్‌మన్ లేచి సలాం కొట్టి గేటు తీశాడు. తాను సీసాల్లో నీళ్లు పట్టిన గొట్టం దగ్గరికి వెళ్లకముందే వాసన తగిలింది. కాలువ మీద పసుపు రంగు జిడ్డు మీగడలా తేలుతోంది. గట్టున గడ్డి నల్లబడి చచ్చిపోయి ఉంది. గోడ అవతల ఒక లారీ వెనక్కి తిరిగి నిలబడింది. కొట్ల నుంచి తిరిగొచ్చిన ట్రేలను, పైపొర కూడా విప్పకుండా, అలాగే గోతిలోకి దొర్లిస్తున్నారు. ఆకుపచ్చ ముద్రలు ఎండలో మెరుస్తూ జారిపోతున్నాయి. దాణా లేదు, ఏమీ లేదు. గోతి అంచున పొరలు పొరలుగా ఉన్న పాత చెత్త చూస్తే, ఇది నిన్నో మొన్నో తవ్వింది కాదని తెలిసిపోతోంది. ఆ నెలలో దాని మీద మట్టి కప్పి, పైన ఇటుకలు పేర్చి ఉంచారు. ఆ ఇటుకల మీదే కూర్చుని ఒకసారి ఆమె కాఫీ కూడా తాగింది.

అత్త తన గదిలో ఫోనులో మాట్లాడుతోంది. మేనకోడల్ని చూడగానే ముఖం విప్పారింది. వెంటనే ఆమె బూట్లకు అంటిన జిడ్డు చూసింది. ఫోను పెట్టేసింది.

"తిన్నావా?" అన్నది.

"ఆ నెల నాకు చూపించింది ఏంటత్తా?"

బుకాయిస్తుందని తక్కెడ ఎదురుచూసింది. బుకాయిస్తే బాగుండునని కూడా అనుకుంది. అత్త లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"అంత మంచిగా నడపొచ్చని నాకూ అప్పుడే తెలిసింది. నెల రోజులు నడిపి చూపించాను. అబద్ధం కాదుగా, నిజంగానే నడిపాం."

"జిడ్డు నీళ్లు?"

"ట్యాంకర్లలో వేరేచోటికి పంపాం."

"తిరిగొచ్చిన సరుకు?"

"అద్దె గోడౌన్‌లో పెట్టాం. కొంచెం నీకు కనపడేలా ఉంచాం."

"ఎవరు చెప్పారు నీకు ఇవన్నీ సర్దమని? నేను ఏ రోజు ఏం చూస్తానో..."

అత్త తల దించుకోలేదు. "నువ్వే చెప్పావుగా, తల్లీ."

క్యారియర్ విప్పుతూ అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే తక్కెడ చెవుల్లో మోగాయి. ఇవాళ ఏం చూశావు? రేపో? ఎముకలు తేలుతున్నాయి, తిను. ఎదురుగా ఉన్న కుర్చీని పక్కకు తోసేసింది.

"ఆ భోజనం తెచ్చింది దీనికోసమా?"

"ఏం మాటలే అవి?" అత్తకు మొదటిసారి కోపం వచ్చింది. "నీకు అన్నం పెట్టడానికి నాకు కారణం కావాలా? పెట్టాను, పక్కనే కూర్చున్నాను, అడిగాను. రెండూ నేనే చేశాను. ఏది ఎందుకోసమో వేరు చేసి చూపించమంటే నా వల్ల కాదు." గొంతు తగ్గించింది. "బయట చూశావా ఎంతమంది ఆడవాళ్లు? వీళ్లను ఇళ్లకు పొమ్మననా? ఏడాది ఆగు. అన్నీ మెల్లగా చేస్తాను. ట్రేలు, జిడ్డు నీళ్లకు తొట్టి, అన్నీ. నా మీద ఒట్టు."

"అప్పుడే అడిగుంటే నేనే చెప్పేదాన్నిగా అత్తా, ఎలా చెయ్యాలో. బాగాలేదని రాసి, ఏడాదిలో బాగుచేస్తారని రాసేదాన్ని. మొహం మీదే చెప్పమన్నావు. పడతానన్నావు."

అత్త బల్ల మీద చేతులు రెండూ చాచి, వాటిని చూసుకుంటూ కూర్చుంది.

తక్కెడ ఆ సాయంత్రమే డైరెక్టరు దగ్గరికి వెళ్లి, రిపోర్టు వెనక్కి తీసుకోవాలన్నది. ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. "మీరు కొలిచిన నెలలో కొలతలు కరెక్టే కదమ్మా? తర్వాత వాళ్లేం చేసుకుంటే మనకేం?"

"నన్ను మోసం చేశారండీ."

"అలా ఊరంతా చెప్పుకుంటామా? మన పరువేం కావాలి? అయినా, యజమానురాలు మీ అత్త అని ఫైల్లో ఉంది. రేపు అడిగితే జనం ఏమంటారు? మీరిద్దరూ కలిసే చేశారంటారు. మీ మంచికే చెప్తున్నా, వదిలెయ్యండి."

తలుపులన్నీ తీస్తారని తనను ముందుకు తోసిన మనిషి ఇతనేనా అని ఆమె తెల్లబోయింది. అక్కడినుంచి బయటికి వచ్చేటప్పటికి ఎవరి మీద ఎక్కువ కోపమో కూడా తెలియలేదు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఉదయం ఆఫీసులో రాజీనామా ఇచ్చి, సూపర్ మార్కెట్ల వాళ్లకూ ముద్ర ఇచ్చిన వాళ్లకూ తన పేరుతోనే రాసింది. నేను కొలిచింది నాకోసం సిద్ధం చేసిన ఫ్యాక్టరీని, నా రిపోర్టును నమ్మకండి, చెప్పకుండా వెళ్లి మళ్లీ చూడండి అని. అత్త గురించి ఒక్క చెడ్డమాట రాయలేదు. తాను ఆమెకు ఏమవుతుందో మాత్రం దాచలేదు.

వాళ్లు వెళ్లారు, చూశారు. ముద్ర పోయింది. సూపర్ మార్కెట్లు సగం ఆర్డర్లు ఆపేశాయి. ఒక వరస గిన్నెలు చల్లారిపోయాయి, వాటి దగ్గర పనిచేసేవాళ్లలో కొంతమందిని మానిపించారు. అందులో ట్రేలు నింపే ఒకావిడ కూరగాయల బజారులో తక్కెడకు ఎదురైంది. ఆ నెలలో రోజూ నవ్వుతూ పలకరించిన మనిషి. తిట్టలేదు. చూసి, సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, పక్క వరసలోకి వెళ్లిపోయింది. తక్కెడ ఆ పూట ఏమీ కొనకుండా ఇంటికి వచ్చేసింది.

తండ్రి మాత్రం పైకే అన్నాడు. "రాసే ముందు నాకొక్క మాట చెప్పి ఉండాల్సిందమ్మా."

"చెబితే ఏం చేసేవాడివి?"

"ఆపేవాడిని."

"అందుకే చెప్పలేదు నాన్నా."

ఆ తర్వాత కొన్నాళ్లపాటు, చెల్లెలి ఫోను వస్తే ఆయన లేచి వరండాలోకి వెళ్లి మాట్లాడేవాడు. తనకు వినపడకూడదని తండ్రి గొంతు తగ్గించడం ఆ ఇంట్లో ఆమెకు కొత్త. అత్త మోసం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

తక్కెడకు ఇంకో సంస్థలో పని దొరకడానికి చాలా నెలలు పట్టింది. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, తలుపు తీసేసరికి అత్త నిలబడి ఉంది. గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. చిక్కిపోయింది. తక్కెడ పక్కకు జరిగి దారి ఇచ్చింది. అత్త లోపలికి వచ్చి అన్నగారి ఎదురుగా కూర్చుంది. తక్కెడ అదే గదిలో కిటికీ దగ్గర నిలబడింది.

"అన్నయ్యా, మీ అమ్మాయికి చెప్పు" అన్నది అత్త, గోడను చూస్తూ. "గోతి పూడ్చేశాం. ఉత్తుత్తి పూడ్చడం కాదు, అంతా ఎత్తించి పూడ్చాం."

తండ్రి కూతురి వైపు చూశాడు. "పూడ్చారట."

"విన్నాను నాన్నా."

"జిడ్డు వేరుచేసే తొట్టి కట్టిస్తున్నాం. ఎంత పెద్దది కట్టాలో మేస్త్రీ ఒకటి చెబుతాడు, అమ్మేవాడు ఒకటి చెబుతాడు. మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఇష్టమైతే చెప్పమను. లేకపోతే లేదు."

తండ్రి ముఖంలో ఆశ చూసి తక్కెడకు జాలేసింది. ఆ ముసలాయన ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పుతూ, ఎవరైనా ఒక్క మెట్టు దిగితే చాలునన్నట్టు ఉన్నాడు.

"రోజుకు ఎన్ని నీళ్లు పోతాయో తెలిస్తే చెబుతాను" అన్నది ఆమె.

అత్త మొదటిసారి ఆమె వైపు తిరిగింది. కళ్లలో తడి ఉంది. వెంటనే, తడుముకోకుండా, ఒక అంకె చెప్పింది.

తక్కెడ మనసులో లెక్క దానంతటదే మొదలైంది. ఇన్ని నీళ్లకు ఇంత లోతు, ఇంత వెడల్పు. సమాధానం నాలుక చివరకు వచ్చేసింది కూడా. అక్కడ ఆగింది. అత్త ముఖాన్ని చూసింది. తనకు అన్నం కలిపి పెట్టిన ముఖం, జ్వరం వస్తే పక్కన కూర్చున్న ముఖం, క్యారియర్ విప్పుతూ రేపో అని అడిగిన ముఖం. ఆ అంకె నిజం కావచ్చు. మనిషి నిజంగానే మారి ఉండవచ్చు. ఎంత చూసినా ఆమెకు తెలియలేదు.

"ఎవరినైనా పంపి కొలిపించమను నాన్నా" అన్నది చివరికి. "ఆ కొలత చూసి చెబుతాను."

అత్త తల ఊపి, తడి గొడుగు అందుకుంది. తండ్రి కూర్చోమంటున్నా వినలేదు. తక్కెడ వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడగకపోయినా, టీకి నీళ్లు పెట్టింది. అవి మరిగేలోపే బయట గేటు చప్పుడయింది.